ఏటికి ఇవతల ఇల్లు, అవతల పని

వాక్యభాగములు: సంఖ్యాకాండము 32వ అధ్యాయము, యెహోషువ 22వ అధ్యాయము



 దూరదేశములలో ఉండి ఈ పత్రిక చదువుతున్న మీ కొరకు ప్రతి ఆదివారము మా చిన్న సంఘములో ప్రార్థన చేస్తున్నాము. ఈ సంచికకు ఒక ప్రసంగము వ్రాసి పంపమని సంపాదకులు అడిగినప్పుడు, కెనడా దేశములోని విండ్సర్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్న రోజులలో ఒక తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది. ఆ రోజు దానికి సగమే జవాబు చెప్పాను. మిగిలిన సగము ఇక్కడ వ్రాస్తున్నాను. పేరు చెప్పకుండా వ్రాయడానికి ఆ తమ్ముడు ఒప్పుకున్నాడు.

ముందుగా మా ఊరి సంగతి చెప్పాలి. మాది నాగరగెరె, కర్ణాటకలో గౌరిబిదనూరు తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. టీచర్ ట్రైనింగు ముగించుకొని, రిటైరయ్యే వరకు ఈ చుట్టుపట్ల సర్కారు బడులలోనే పని చేశాను గనుక ఊళ్ళో అందరూ నన్ను మేష్ట్రు అనే పిలుస్తారు. కొంచెము దూరము పోతే ఆంధ్ర. పట్టుగూళ్ళు అమ్మాలన్నా, పెండ్లి చీరలు కొనాలన్నా, జబ్బు చేసినా మావాళ్ళు హిందూపురము బస్సు ఎక్కుతారు. ఇక్కడ పండుకొని అక్కడ పని చేసేవారు, అక్కడ కాపురము ఉండి ఇక్కడ సేద్యము చేసేవారు ఉన్నారు. నంది కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, గౌరిబిదనూరు మీదుగా హిందూపురము వైపు పోతుంది. దానిని ఆపి కాగితము అడిగేవారు లేరు.

అయినా కాగితములు మాకూ ఉన్నాయి. 1953లో అటు ఆంధ్ర రాష్ట్రము వచ్చింది. 1973లో ఇటు మైసూరు రాష్ట్రము పేరు కర్ణాటక అయింది. 2007లో మేము కోలారు జిల్లా నుండి చిక్కబళ్ళాపురము జిల్లాలోకి వచ్చాము. 2022లో హిందూపురము అనంతపురము జిల్లా విడిచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. భూమి ఒక్క జానెడు కదలలేదు. కాగితము మీది పేర్లు మారుతూ వచ్చాయి. ప్రభుత్వములు కాగితమును మార్చగలవు గాని, దాని అడుగున మనము పెట్టే సంతకము మాత్రము మనదే. ఈ రోజు మనము ధ్యానించవలసిన సంగతి ఇదే.

ఇక విండ్సర్ మాట. అది కెనడా. నదికి అవతల డెట్రాయిట్, అది అమెరికా. 1929లో తెరచిన అంబాసిడర్ వంతెన ఒకటి, 1930లో తెరచిన నది కింది సొరంగము ఒకటి. పటము మీద అమెరికా కెనడాకు దక్షిణమున ఉంటుందని పిల్లలకు నేర్పినవాణ్ణి నేను. ఇక్కడ మాత్రము కెనడాలో నుండి ఉత్తరానికి పోతే అమెరికా వస్తుంది! ప్రతి ఉదయము ఇవతల లేచి, అవతల పని చేసి, సాయంత్రము ఇవతలికి వచ్చేవారిలో మన తెలుగువారు కూడ ఉన్నారు. 2020 మార్చి 21న కరోనా వలన ఆ సరిహద్దును మూసినప్పుడు కూడ, అవసరమైన పనుల మీద పోయేవారిని పోనిచ్చారు. విండ్సర్‌లో కాపురము ఉండి డెట్రాయిట్ ఆసుపత్రులలో పని చేసే నర్సులు ఆ కష్టకాలములో కూడ నది దాటి పోయి రోగులను చూశారు.

ఒక శుక్రవారము రాత్రి ఇంటి ప్రార్థన అయిన తరువాత ఆ తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. ఒంగోలు వైపు వాడు, ఇంజనీరు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు విండ్సర్‌లో ఉన్నారు. ఇంటిల్లిపాదికీ ఆరేండ్లుగా కెనడా శాశ్వత నివాసపు హక్కు ఉంది. ఉద్యోగము మాత్రము మిషిగన్‌లో, హెచ్-1బి వీసా మీద. చలికాలములో మంచు, వంతెన మీద వరుసలు పడలేక, సోమవారము ఉదయము పోయి అక్కడే స్నేహితుని గదిలో ఉండి శుక్రవారము సాయంత్రము ఇంటికి వచ్చేవాడు. మొదట చలికాలము వరకే అనుకున్నది, పోను పోను ఏడాది పొడుగునా అలవాటు అయిపోయింది.

"మాస్టారూ, కెనడా పౌరసత్వానికి అర్జీ పెడుతున్నాను. అందులో నేను ఈ దేశములో ఎన్ని రోజులు ఉన్నానో వ్రాయాలి. నా ఇల్లు ఇక్కడే, పన్ను ఇక్కడ కూడ కడుతున్నాను, పెండ్లాం పిల్లలు ఇక్కడే. వారములో నాలుగు రాత్రులు అటు పండుకొన్నంత మాత్రాన నేను ఇక్కడివాణ్ణి కాకుండా పోతానా? అన్ని రోజులూ ఇక్కడ ఉన్నట్టే వ్రాస్తే తప్పా?" అన్నాడు.

ఆ అబ్బాయి భయము ఊరికే వచ్చినది కాదు. సంగతి తెలియని వారి కొరకు కొంచెము వివరిస్తాను. హెచ్-1బి మామూలుగా ఆరేండ్లకు మించదు. అతనికి ఆ గడువు దగ్గర పడింది. కంపెనీ గ్రీన్ కార్డు కాగితములు మొదలు పెట్టలేదు. పెట్టినా, ఏ ఒక్క దేశములో పుట్టినవారికీ ఏటా నూటికి ఏడుకు మించి ఇవ్వకూడదన్న నియమము ఉన్నందున మన ఇండియావారు ఏండ్ల తరబడి వరుసలో నిలబడవలసిందే. 2025 సెప్టెంబరులో అయితే కొత్త హెచ్-1బి అర్జీల మీద లక్ష డాలర్ల రుసుము అని అధ్యక్షుని ప్రకటన వచ్చి ఎన్నో ఇండ్లలో నిద్ర లేకుండా చేసింది. కెనడా పౌరుడైతే ఇంజనీర్లకు టి.ఎన్. అనే వేరొక దారి ఉంది. 1994లో వచ్చిన నాఫ్టా ఒప్పందముతో మొదలై, 2020 జూలైలో దాని స్థానములో వచ్చిన ఒప్పందములోనూ కొనసాగింది. అయితే అది కెనడా, మెక్సికో పౌరులకే. కెనడాలో శాశ్వత నివాసము ఉన్నంత మాత్రాన అది రాదు. అందుకే అతనికి పౌరసత్వము కావాలి, త్వరగా కావాలి.

నేను బడిపంతులును గనుక వెంటనే కాగితము, పెన్సిలు తీశాను. కెనడావారు రోజులో కొంత భాగము ఉన్నా దానిని రోజుగానే లెక్కిస్తారు. సోమవారము ఉదయము పోతాడు గనుక సోమవారము వచ్చింది. శుక్రవారము సాయంత్రము వస్తాడు గనుక శుక్రవారమూ వచ్చింది. శనివారము, ఆదివారము సరే. వారానికి నాలుగు రోజులు. ఏటికి 208. అయిదేండ్లకు 1040. ఆ అయిదేండ్లలో అతడు ఇండియాకు కూడ రాలేదు. శాశ్వత నివాసము నిలుపుకోవడానికి అయిదేండ్లలో 730 రోజులు చాలు, అది దాటిపోయింది. పౌరసత్వానికి 1095 కావాలి. తక్కువ పడినవి 55 రోజులు.

ఆ 55 రోజుల కొరకు ఆ తమ్ముడు అబద్ధమునకు సిద్ధపడ్డాడు. అతణ్ణి గద్దించడానికి నాకు నోరు రాలేదు. ఎందుకో తరువాత చెబుతాను. ఇప్పుడు వాక్యములోనికి వెళ్దాము.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటక ముందే రూబేనీయులు, గాదీయులు తూర్పు ఒడ్డున యాజెరు, గిలాదు ప్రాంతములు చూశారు. వారికి మందలు విస్తారము. అది మందలకు తగిన నేల. మాకు ఇక్కడే స్వాస్థ్యము ఇవ్వండి, ఏరు దాటించవద్దు అని మోషేను అడిగారు. మోషేకు కోపము వచ్చింది. మీ సహోదరులు యుద్ధమునకు పోతుంటే మీరు ఇక్కడ కూర్చుంటారా అని అడిగాడు. అప్పుడు వారు, మా ఇండ్లు ఇవతల, మా పని అవతల. పని ముగిసే వరకు తిరిగి రాము అని మాట ఇచ్చారు. తరువాత మనష్షే అర్ధగోత్రము కూడ వారితో చేరింది. ఏటికి ఇవతల ఇల్లు, అవతల పని పెట్టుకున్న మనవారికి ఇంతకన్న దగ్గరి పాఠము బైబిలులో ఎక్కడ దొరుకుతుంది? ఇందులో మూడు సంగతులు చూద్దాము.

మొదటిది, క్రమము. 16వ వచనము జాగ్రత్తగా చదవండి. వారు మొదట పశువులకు దొడ్లు అన్నారు, తరువాత పిల్లలకు పురములు అన్నారు. 24వ వచనములో మోషే ఆ వరుసను మార్చాడు. ముందు పిల్లలకు పురములు, ఆ తరువాత గొఱ్ఱెలకు దొడ్లు. 26వ వచనములో వారు తిరిగి చెప్పేటప్పుడు పిల్లలు, భార్యలు ముందుకు వచ్చారు, మందలు వెనుకకు పోయాయి. మోషే మంచి ఉపాధ్యాయుడు. తప్పు దిద్దిన సంగతి కూడ తెలియకుండా దిద్దాడు.

ఏ దేశపు కాగితము తీసుకోవాలి అని కూర్చున్నప్పుడు మనము ముందు వ్రాసుకునేది ఏమిటి? జీతము ఎంత, పన్ను ఎంత, డాలరు విలువ ఎంత. ఇవన్నీ చూడవద్దని నేను చెప్పను, మందలు కూడ దేవుడిచ్చినవే. అయితే ముందు వరుసలో వ్రాయవలసినది వేరు. పిల్లలు ఎక్కడ పెరుగుతారు? భార్యకు పని చేసే హక్కు ఉంటుందా? టి.ఎన్. మీద పోయినవాని భార్యకు, తనకంటూ వేరే అనుమతి లేకపోతే, అమెరికాలో పని చేసే హక్కు లేదు. విండ్సర్‌లోనే ఉంటే ఆమె ఉద్యోగము ఆమెకు ఉంటుంది. నేడో రేపో గ్రీన్ కార్డు వచ్చిందనుకోండి. అది తీసుకొని కూడ కెనడాలో కాపురము ఉండి రోజూ పనికి పోవడానికి అమెరికా చట్టము ఒప్పుకుంటుంది. కాని ఆ పని ఆరు నెలలకు మించి లేకపోతే ఆ హోదా పోవచ్చు. అట్లు గడిపిన కాలము అమెరికా పౌరసత్వపు లెక్కకు నివాసముగా రాదు. ఏ దారికి ఆ దారి వెల ఉంది. గోపురము కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు గదా. ఆ లెక్క మగవాడు ఒక్కడే కారులో కూర్చుని వేసుకునేది కాదు. ఇంటిల్లిపాది కూర్చుని వేసుకోవాలి.

రెండవది, మాట. సంఖ్యాకాండము 32:23 చూడండి. ఇచ్చిన మాట తప్పితే, చేసిన పాపము మిమ్మును వెదకికొని వచ్చి పట్టుకుంటుందని మోషే హెచ్చరించినది ఈ సందర్భములోనే, ఏటికి అటూ ఇటూ ఉండబోయే మనుష్యులతోనే.

నాకు నోరు రాలేదని చెప్పాను గదా. నేను ఒక పెద్ద ప్రాథమిక బడికి హెడ్‌మాస్టరుగా ఉన్నప్పటి మాట. మా సండే స్కూలులో చదువుకున్న ఒక చురుకైన అమ్మాయి ఏడవ తరగతి వరకు హిందూపురములో మేనమామ ఇంట్లో ఉండి చదివింది. ఎనిమిది నుండి పి.యు.సి. వరకు ఇక్కడ చదివింది. అవి అయిదేండ్లు. కర్ణాటక సి.ఇ.టి. సీటుకు ఈ రాష్ట్రములో ఏడేండ్లు చదివి ఉండాలి. రెండేండ్లు తక్కువ. ఆమె తండ్రి వచ్చి, "మేష్ట్రా, మా ఇల్లు ఇక్కడే, ఓటు ఇక్కడే, బిడ్డ బస్సులో అటు పోయి చదివింది, అంతే గదా. రెండేండ్లు మీ బడిలో చదివినట్టు సర్టిఫికేట్ ఇయ్యండి" అన్నాడు. నేను వ్రాసి, సీలు వేసి ఇచ్చాను. సంఘ పెద్దను, ప్రతి ఆదివారము ప్రసంగ పీఠము దగ్గర నిలబడేవాణ్ణి, వ్రాసి ఇచ్చాను.

కాగితములు పరిశీలించే రోజున అక్కడి అధికారి ఆ అమ్మాయిని, ఆరు, ఏడు తరగతులు ఎక్కడ చదివావమ్మా అని మామూలుగానే అడిగాడు. ఆ బిడ్డ నా ముఖము చూడలేదు, తండ్రి ముఖము చూడలేదు. "హిందూపురములో, సార్" అని చెప్పింది. సీటు పోయింది. బయటికి వచ్చిన తరువాత నేను ఏమీ అడగక ముందే, "అబద్ధము చెప్పకూడదని మీరే నేర్పించారు గదా సార్" అన్నది. మరునాడు నేను పై అధికారికి నా తప్పు వ్రాసి ఇచ్చాను. నాకు ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆ బిడ్డకు ఒక సంవత్సరము ఆగింది. ఇప్పుడు ఆమె టీచరుగా ఉంది. నా ఇంక్రిమెంటు సంగతి నేను మరచిపోయాను గాని, ఆమె మాట మరచిపోలేదు.

నేను రెండేండ్లు వ్రాసి ఇచ్చినవాణ్ణి. 55 రోజులు వ్రాయాలనుకున్న తమ్ముణ్ణి ఏమని గద్దించను? ఈ సంగతే అతనికి చెప్పాను. చాలాసేపు మౌనముగా ఉన్నాడు.

2019 నుండి కెనడా, అమెరికా ప్రభుత్వములు భూమార్గమున సరిహద్దు దాటే ప్రతివాని వివరములు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నాయి. అంతకు ముందే, 2013 నుండి, మనవంటి అన్యదేశస్థుల వివరములు ఇచ్చుకుంటున్నారు. అటు లోపలికి పోయిన గంటే ఇటు బయటికి పోయిన గంట. అబద్ధము బయటపడితే అర్జీ పోవడమే గాక, వచ్చిన పౌరసత్వమును కూడ తీసివేయవచ్చు. అయితే ప్రియులారా, దొరికిపోతాము గనుక నిజము చెప్పండి అని నేను బోధించడము లేదు. అధికారి చూడని దినమున కూడ దేవుడు చూస్తున్నాడు. ఆయన ముందు మన పిల్లలు కూడ చూస్తున్నారు.

నిజము చెప్పినవానికి దారి ఉండదా? మళ్ళీ పెన్సిలు తీశాను. ఇప్పటి నుండి ప్రతి రాత్రి ఇంటికి వచ్చి పండుకుంటే వారానికి నాలుగు కాదు, ఏడు రోజులు. వెనుకటి ఒక వారము లెక్కలో నుండి జారిపోతే నాలుగు పోతాయి, ఏడు వస్తాయి. లాభము మూడు. 55 రోజులు నిండడానికి 19 వారములు. ఇంకొక సంగతి. హెచ్-1బి ఆరేండ్ల లెక్కలో అమెరికా బయట పూర్తిగా గడిపిన దినములను రుజువు చూపి తిరిగి అడగవచ్చు. అతడు ఇంట్లో గడిపిన ప్రతి శనివారము, ప్రతి ఆదివారము అటువంటి దినములే. ఏటికి 104. ఇంటి దగ్గర నిజముగా ఉన్న రోజులు ఇటు పౌరసత్వానికీ, అటు వీసా గడువుకూ పనికి వస్తాయి. లేని రోజులను ఉన్నట్టు వ్రాస్తే రెండు చోట్లా మాట నిలవదు. భార్య, పిల్లలు ఎక్కడికీ పోలేదు గనుక, వారు అతని కొరకు ఆగకుండా ఇప్పుడే అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. నేను వకీలును కాను. చట్టములు మారుతూ ఉంటాయి. భోజనాల బల్ల దగ్గర స్నేహితుడు చెప్పిన మాట నమ్మి సంతకము పెట్టవద్దు. లైసెన్సు ఉన్న వకీలుకు అంతా దాచకుండా చెప్పి అడగండి. వకీలు దగ్గర దాచినవాడు వైద్యుని దగ్గర పుండు దాచినవానితో సమానము.

ఇదంతా లోక సంబంధమైన విషయము, ప్రసంగములో ఎందుకు అని కొందరు అనవచ్చు. పౌలును చూడండి. మన పౌరస్థితి పరలోకమునందున్నదని ఫిలిప్పీయులకు బోధించిన పౌలే, యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను రోమీయుడనని చెప్పుకున్నాడు. సహస్రాధిపతి చాలా ద్రవ్యము పోసి ఆ పౌరత్వము కొనుక్కున్నాడు, పౌలు పుట్టుకతోనే రోమీయుడు. ఆ సంగతి అపొస్తలుల కార్యములు 22లో ఉంది. పౌలు దానిని దాచలేదు, దానితో అతిశయించనూ లేదు. అక్కరకు వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కాగితమును అట్లే వాడుకోవాలి.

మూడవది, సాక్ష్యము. యుద్ధము ముగిసింది. ఆ గోత్రములవారు మాట నిలుపుకున్నారు. యెహోషువ వారిని దీవించి ఇంటికి పంపాడు. వారు పోతూ యొర్దాను దగ్గర గొప్ప బలిపీఠము ఒకటి కట్టారు. పడమటివారు అపార్థము చేసుకొని యుద్ధానికి లేచారు. అప్పుడు వారు చెప్పిన సంగతి మన మనస్సుకు తగలాలి. రేపు మీ పిల్లలు మా పిల్లలతో, మీరు ఏటి అవతలివారు, మీకు ప్రభువులో పాలు లేదు అంటారేమో అని భయపడి, బలుల కొరకు కాదు, సాక్ష్యము కొరకు దీనిని కట్టాము అన్నారు.

ఆ భయము ఈనాడు మన సంఘములలో నిజమవుతున్నది. పౌరుడు ముందు కుర్చీలో, గ్రీన్ కార్డువాడు రెండవ వరుసలో, వర్క్ పర్మిటువాడు వెనుక, చదువుకొనే పిల్లవాడు తలుపు దగ్గర. పెండ్లి సంబంధము వస్తే పిల్లవాని సాక్ష్యము కన్న ముందు స్టేటస్ ఏమిటి అని అడుగుతున్నారు. కాగితము పోయినవాని ఇంటికి పోవడానికి జంకుతున్నారు. ప్రభువు బల్ల దగ్గర పాస్‌పోర్టు ఎవరు చూస్తారు?

ఇండియా కాగితము విడిచిన వారి విషయము కూడ ఇదే. మన దేశ చట్టము రెండు పౌరసత్వములను ఒప్పుకోదు. వేరొక దేశపు పౌరుడైన దినమున ఇండియా పాస్‌పోర్టు తిరిగి ఇచ్చివేయాలి. 2006 నుండి ఇస్తున్న ఓ.సి.ఐ. కార్డుతో వచ్చి పోవచ్చు, ఉండవచ్చు. ఓటు ఉండదు, సేద్యపు భూమి కొనడానికి లేదు, తండ్రి నుండి వారసత్వముగా రావచ్చు. మా అబ్బాయి ఆ కాగితము విడిచే రోజు వస్తే నా మనస్సు కలుక్కుమంటుంది, దాచను. అయినా అతడు మా బిడ్డ కాకుండా పోడు. రహస్యముగా రెండు పాస్‌పోర్టులు దాచుకొని తిరిగే కొడుకు కన్న, ఒకటే పెట్టుకొని తల ఎత్తుకొని ఊరికి వచ్చే కొడుకే నాకు కావాలి.

మన బాప్టిస్టు సంఘము పుట్టుక కూడ సరిహద్దులు దాటినవారి వలననే. కెనడాలో పుట్టిన శామ్యూల్ డే గారు అమెరికా బాప్టిస్టులు పంపగా 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో పని ఆరంభించారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో మొదలు పెట్టారు. మా గౌరిబిదనూరు మీదుగా పోయే పెన్న చివరికి ఆ నెల్లూరు దగ్గరనే సముద్రములో కలుస్తుంది. ఎవరు ఏ ఒడ్డున పుట్టి, ఏ ఒడ్డున పని చేయాలో దేవునికి తెలుసు. ఆయన మనలను అడిగేది నమ్మకముగా ఉండమనే.

ఆ తమ్ముడు ఆ రాత్రే అర్జీ పక్కన పెట్టాడు. మరుసటి సోమవారము నుండి ప్రతి సాయంత్రము వంతెన మీద వరుసలో నిలబడి ఇంటికి వచ్చాడు. 19 వారములు నిండిన తరువాత ఉన్న రోజులు ఉన్నట్టు వ్రాసి పంపాడు. జవాబు ఇంకా రాలేదు. అది వచ్చే లోపల అవతలి ఉద్యోగము ఉంటుందో పోతుందో తెలియదు. కిందటి నెల ఫోనులో అతని చిన్న కూతురు నాతో, "తాతయ్యా, ఇప్పుడు మంగళవారము కూడ నాన్న ఇంట్లోనే పండుకుంటున్నాడు" అని చెప్పింది. పిల్లలకు పురములు ముందు అని మోషే చెప్పినది ఆ బిడ్డకు అర్థమయింది.

ప్రార్థన చేద్దాము. పరలోకమందున్న మా తండ్రీ, ఏటికి ఇవతల ఇల్లు, అవతల పని పెట్టుకొని ప్రతి దినము వచ్చి పోయే నీ బిడ్డల రాకపోకలను కాపాడుము. కాగితము కొరకు కాచుకొని ఉన్నవారికి ఓర్పు దయచేయుము. వారి నోట నిజము, వారి ఇండ్లలో సమాధానము ఉంచుము. చేయి జారి తప్పు వ్రాసినవారిని క్షమించి, దిద్దుకొనే ధైర్యము ఇమ్ము. మొదట నన్ను క్షమించినట్లు వారిని కూడ క్షమించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, నాగరగెరె